కోత పడితేనే పలికే సంకేతం

శరీరంలోకి సూక్ష్మజీవి చొరబడితే కొన్ని తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. జ్వరం, వాపు పుట్టించే సంకేతం ఇది. అయితే మొదట పనిచేయని రూపంలో ఉంటుంది. 269 అమైనో ఆమ్లాల ఆ గొలుసును కాస్పేజ్-1 అనే ఎంజైమ్ 116వ దాని తర్వాత కత్తిరిస్తేనే, మిగిలిన 153 అమైనో ఆమ్లాల ముక్క సంకేతంగా పనిచేస్తుంది.

మామూలుగా ఈ కత్తెర కూడా నిద్రాణంగానే ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 వంటి ప్రోటీన్లు ఇన్‌ఫ్లమజోమ్ అనే సముదాయంగా ఏర్పడి దాన్ని మేల్కొలుపుతాయి. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఈ మార్గంలో కాస్పేజ్-1ను ప్రేరేపిస్తుందని 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. దాని మొదటి రచయిత తెలంగాణకు చెందిన, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి.

కాస్పేజ్-1 గాస్‌డెర్మిన్-డి అనే మరో ప్రోటీన్‌నూ కోస్తుంది. ఆ ముక్కలు కణపొరలో రంధ్రాలు చేస్తాయి. వాటిగుండా సంకేతం బయటికి వెళ్తుంది. చాలాసార్లు కణమూ చనిపోతుంది.

కోత జరగకపోతే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. అదుపు తప్పితే శరీరానికే చేటు. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 జన్యువులో కొన్ని మార్పులున్న వారికి ఏ ఇన్ఫెక్షన్ లేకుండానే పదేపదే జ్వరం వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే మందులు వారికి ఉపశమనమిస్తున్నాయి.