చెట్టు నరకడం వేరు, అడవి నరకడం వేరు

సునన్ అబూదావూద్‌లో రేగు చెట్టును గురించిన రెండు ఉల్లేఖనాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రేగు చెట్టును నరికినవాణ్ణి అల్లాహ్ తలక్రిందులుగా నరకాగ్నిలో పడవేస్తాడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు ఒకదానిలో ఉంది. హజ్రత్ జుబైర్ (రజి) కుమారుడైన ఉర్వా (రహ్మలై) తన పొలంలోని రేగు చెట్లను కొట్టించి, ఆ చెక్కతో తన భవనానికి తలుపులు చేయించుకున్నారనీ, అందులో తప్పేమీ లేదనేవారనీ రెండవ దానిలో ఉంది. ఈ మాట చెప్పింది ఉర్వా కుమారుడు హిషామ్. అడిగిన వ్యక్తికి ఆయన ఆ తలుపులనే చూపించారు.

రెండూ చదివినవారికి సందేహం కలగడం సహజం. దాన్ని ఇమామ్ అబూదావూద్ స్వయంగా తీర్చారు. ఎడారిలో బాటసారులకూ పశువులకూ నీడనిచ్చే రేగు చెట్టును ఏ హక్కూ లేకుండా, నిష్కారణంగా, అన్యాయంగా నరికేవాడికే ఆ హెచ్చరిక వర్తిస్తుందని ఆయన వివరించారు. ఉర్వా చెట్టు ఆయన పొలంలోనిది, ఎడారిలోని చెట్టు అందరిదీ. మసలా అంతా ఇక్కడే ఉంది.

కాబట్టి చెట్టు కొట్టడమే పాపమనేవారి మాటకు షరీయతులో ఆధారం లేదు. బనూ నజీర్ ముట్టడిలో ఖర్జూరపు చెట్లను కొట్టడం, కొన్నింటిని వదిలివేయడం రెండూ దైవానుమతితోనే జరిగాయని సూరా హష్ర్ తెలుపుతోంది. అలాగని, భూమిలో ఉన్నదంతా అల్లాహ్ మన కోసం వశపరిచాడు గనుక ఎంతైనా నరకవచ్చుననే వాదనకూ ఆధారం లేదు. అధికారం చేతికందగానే పైరునూ ప్రాణినీ నాశనం చేయడానికి పరుగులు తీసేవాణ్ణి ఖుర్‌ఆన్ సూరా బఖరాలో నిందించింది. వశపరచడమంటే అప్పగించడం. అప్పగించినదానికి లెక్క అడుగుతారు.

ఈ కొలమానంతో మన కాలపు ఒక వివాదాన్ని చూద్దాం. పోలెండ్, బెలారుస్ దేశాల సరిహద్దులో బియావోవియెజా అనే అడవి ఉంది. ఒకప్పుడు ఐరోపా మైదానాలను కప్పి ఉంచిన ప్రాచీన అరణ్యంలో మిగిలిన ముఖ్యమైన భాగమిది. వందల ఏళ్ళ వయసున్న ఓక్ చెట్లు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. ఈ అడవిని కాపాడింది దైవభీతి కాదు, రాజుల వేట సరదా. శతాబ్దాల తరబడి వారు దాన్ని తమ వేట కోసం అట్టేపెట్టుకున్నారు. అక్కడి అడవిదున్నల్లో స్వేచ్ఛగా తిరిగే చిట్టచివరిది 1919లో వేటగాళ్ళ పాలయింది. బోనుల్లో మిగిలిన దున్నల సంతతిని పెంచి 1952లో తిరిగి అడవిలోకి వదిలారు. 1979లో యునెస్కో పోలెండ్ వైపున కొంత భాగాన్ని ప్రపంచ వారసత్వ సంపదల్లో చేర్చింది. అయినా ఆ వైపున నేషనల్ పార్కు అయింది దాదాపు ఆరవ వంతే. మిగతా దానిలో ఎక్కువ భాగం ప్రభుత్వ అటవీ సంస్థ చేతిలో ఉంది.

ఆ అడవి ఉన్న రాష్ట్రంలోనే క్రుషినియానీ, బొహొనికి అనే రెండు పల్లెల్లో తాతారు ముస్లిములు ఉన్నారని మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. సైనిక సేవకు బదులుగా 1679లో పోలెండ్ రాజు వారి పూర్వీకులకు అక్కడ భూములిచ్చాడు. ఆ రెండు ఊళ్ళ మస్జిదులూ చెక్కతో కట్టినవే. కలప అవసరమే లేదని ఎవరూ అనలేరు, మస్జిదుకూ అది కావలసి వచ్చింది.

2016 మార్చిలో పోలెండ్ పర్యావరణ మంత్రి యాన్ షిష్కో ఈ అడవిలోని ఒక డివిజన్‌లో కలప పరిమితిని మూడింతలు చేశారు. 2012 నుండి 2021 వరకు పదేళ్ళకు సుమారు 63 వేల ఘనపు మీటర్లు అని ఉన్నదాన్ని 1 లక్షా 88 వేలకు పెంచారు. స్ప్రూస్ చెట్లకు బెరడు తొలిచే పురుగు పట్టిందనీ, పట్టిన చెట్లను తీసివేయకపోతే అడవి మొత్తం పోతుందనీ, ఎండిన చెట్లు మనుషుల మీద పడతాయనీ ప్రభుత్వం వాదించింది. పురుగు వచ్చిన మాట నిజమే. ఎండిన చెట్టు పడుతుందన్నదీ నిజమే.

అయితే శాస్త్రజ్ఞులు చెప్పినది కూడా వినాలి. ఆ పురుగు ఆ అడవికి కొత్త కాదు, విజృంభించడం, తగ్గిపోవడం మునుపూ జరిగాయి. ఎండిన చెట్టు తోటలో చెత్త కావచ్చు, ప్రాచీన అరణ్యంలో మాత్రం అది అనేక ప్రాణుల ఇల్లు. మూడు వేళ్ళ వడ్రంగిపిట్ట ఆ పురుగులనే తిని బతుకుతుంది. చెట్టుతో పాటు పురుగును తిని అదుపుచేసే పిట్టనూ వెళ్ళగొడితే అది వైద్యం ఎలా అవుతుంది? ఐరోపా న్యాయస్థానం 2017 జూలైలో నరకడం ఆపమంది. ఆగలేదు. ఇంకా ఆపకపోతే రోజుకు కనీసం లక్ష యూరోలు కట్టవలసి ఉంటుందని నవంబరులో హెచ్చరించింది. 2018 ఏప్రిల్ 17న, పోలెండ్ చట్టాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. ప్రభుత్వం 2015లో రాసుకున్న సొంత ప్రణాళికలో ఆ పురుగు ప్రమాదంగా లేదు. పురుగు పట్టిన ముసలి చెట్లను తొలగించడమే ప్రమాదమని అందులో ఉంది!

నరికిన చోట మొక్కలు నాటుతాం కదా అనే వాదన ఎక్కడైనా వినిపిస్తుంది. మొక్క నాటడం ఎంతటి పుణ్యమో చెప్పనక్కర లేదు. దాని నుండి మనిషి తిన్నా, పిట్ట తిన్నా నాటినవానికి సదఖాయే. కానీ పుణ్యం వేరు, నష్టపరిహారం వేరు. మన ఫుఖహా నాశనం చేసిన వస్తువులను మిస్లీ, ఖీమీ అని రెండుగా విభజించారు. గోధుమల లాంటివి మిస్లీ, అంటే అటువంటివే తెచ్చి ఇస్తే బాధ్యత తీరుతుంది. సరిసమానమైనది దొరకనిది ఖీమీ, దానికి వెల కట్టి ఇవ్వాలి. నాలుగు వందల ఏళ్ళ చెట్టుకు అటువంటిదే తెచ్చి ఇమ్మంటే ఎవరు తేగలరు? జానెడు మొక్కను చూపి లెక్క సరిపోయిందనడం ఒంటెను పోగొట్టి ఒంటె బొమ్మ ఇవ్వడం లాంటిది. ఇక వెల కట్టాలన్నా ఎవరికి కట్టాలి? ఆ చెట్టు మీద హక్కున్నవారిలో చాలామంది ఇంకా పుట్టలేదు.

మరి ఆ అడవి పక్కన బతికే పేదవాడి పొయ్యి సంగతేమిటి? దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. అడగడం కంటే వీపున కట్టెలు మోసి అమ్ముకోవడమే మేలని ప్రవక్త (స) బోధించారు. ఎవరూ పెంచని కొండల మీది చెట్ల నుండి కట్టెలు తెచ్చుకోవడం మన ఫిఖ్‌హ్‌లో ముబాహ్. మక్కా హరంలో చెట్టు కొట్టరాదని ఆయన ప్రకటించినప్పుడు, కమ్మరులకూ ఇళ్ళకూ పనికివచ్చే ఇజ్‌ఖిర్ గడ్డిని మినహాయించమని హజ్రత్ అబ్బాస్ (రజి) కోరారు. ప్రవక్త (స) మినహాయించారు. అంతటి పవిత్ర స్థలంలోనే జనుల అవసరానికి చోటు దొరికింది.

ఆ చోటు ఎవరికి ఇవ్వాలో హజ్రత్ ఉమర్ (రజి) చూపించారు. అజ్ఞాన కాలంలో బలవంతులైన నాయకులు మంచి పచ్చికను తమకే అట్టేపెట్టుకునేవారు. దాన్ని హిమా అంటారు. పోలెండ్ రాజుల వేట అడవి అచ్చంగా అటువంటిదే. ప్రవక్త (స) ఆ పద్ధతిని రద్దు చేసి, హిమా అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకే చెందుతుందని ప్రకటించారు. అంటే ప్రజల మేలు కోసమే ఉండాలి. హజ్రత్ ఉమర్ తన హిమాపై హునయ్ అనే వ్యక్తిని నియమిస్తూ, నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వమనీ, ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానివ్వవద్దనీ ఆదేశించారు. వీరిద్దరూ సామాన్యులు కారు, స్వర్గ శుభవార్త పొందిన సహాబీలు. అయినా కారణం స్పష్టంగా చెప్పారు. వారి పశువులు చచ్చినా వారికి తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి పశువులు చస్తే పిల్లల్ని వెంటేసుకుని తన వద్దకే వస్తాడు.

దీన్నిబట్టి పల్లెవారి పొయ్యికి చాలిన కట్టెలనూ, యంత్రాలతో లారీలకెక్కించే లక్షల ఘనపు మీటర్లనూ ఒకే త్రాసులో పెట్టడం సరికాదని మా అభిప్రాయం. మొదటిది ఇజ్‌ఖిర్, రెండవది ఇబ్నె ఔఫ్ మంద. పేదవాడి పేరు చెప్పి రెండవ దానికి తలుపు తీయడం అన్నిచోట్లా జరుగుతున్నదే. వల్లాహు అఅలమ్.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజాలకు టేకు కావాలి. అటవీ శాఖ డిపోల్లో వేలంలో కొన్నది, పట్టా భూమిలో అనుమతితో కొట్టినది ఉర్వా తలుపుల వంటిది, నిశ్చింతగా వాడుకోవచ్చు. రాత్రివేళ అడవి నుండి దిగి సగం ధరకు వచ్చే దుంగ అందరి సొత్తును దొంగిలించి తెచ్చినది. తెలిసి కొనడం ధర్మసమ్మతం కాదు. మస్జిదు కోసమన్నా కాదు, అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం. తెలియక కొన్నవారిపై పాపం లేదు.

తెలిసే కొని బిగించేశాం, ఇప్పుడు ఇల్లు పడగొట్టాలా అంటే, దీనికి హిదాయాలో సరిగ్గా సరిపోయే మసలా ఉంది. అన్యాయంగా తీసుకున్న దూలంపై ఒకడు కట్టడం కడితే, హనఫీ ఇమాముల ప్రకారం దూలాన్ని పీకనక్కర లేదు, దాని వెల హక్కుదారుకు చెల్లించాలి. ఇమామ్ షాఫయీ (రహ్మలై) మాత్రం దూలాన్నే తిరిగి తీసుకునే హక్కు యజమానికి ఉందన్నారు. అక్కడ దూలానికి వాడిన అరబీ మాట సాజా, అంటే టేకు దుంగ.