మట్టిలోని శిలీంధ్రాలు – కొండ అడవి చెప్పే పాఠం

శిలీంధ్రం అనగానే మనకు గుర్తొచ్చేవి రొట్టె మీద బూజు, తొలకరికి పుట్ట మీద లేచే పుట్టగొడుగు. కానీ వాటి అసలు జీవితం మట్టిలో, నూలుపోగు కంటే సన్నని తంతువులుగా సాగుతుంది. ప్రపంచంలో 22 నుండి 38 లక్షల శిలీంధ్ర జాతులు ఉండవచ్చని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఇప్పటికి పేర్లు పెట్టినవి సుమారు లక్షన్నర మాత్రమే.

ఉష్ణమండల కొండ అడవుల్లో ఎత్తు పెరిగేకొద్దీ చలి, తేమ, చెట్ల రకాలు మారతాయి. వాటితోపాటు మట్టిలోని శిలీంధ్రాలూ మారతాయి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ అడవుల మట్టి నుండి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించినప్పుడు 2014లో ఇదే తేలింది. మన తూర్పు కనుమల్లోనూ నల్లమల ఆకురాల్చే అడవి వేరు, 1680 మీటర్ల అర్మకొండ ఉన్న మన్యం అడవి వేరు.

ఈ శిలీంధ్రాలు చేసే పనులు ముఖ్యంగా మూడు:

1. రాలిన ఆకును, కట్టెను కుళ్ళబెట్టి ఎరువుగా మార్చడం.

2. వేళ్ళతో పొత్తు పెట్టుకోవడం. భాస్వరం, నీరు చెట్టుకు అందించి, చెట్టు నుండి చక్కెర తీసుకుంటాయి. ఈ పొత్తుకు 1885లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ 'మైకోరైజా' అని పేరు పెట్టాడు.

3. తెగుళ్ళు కలిగించడం.

అడవిలో ఈ మూడు రకాలూ తిండికి, చోటుకు పోటీపడతాయి. అందువల్ల ఏ ఒక్కటీ తేలికగా పెత్తనం చేయలేదు.

బ్రాడీపేటలో ఉండి చదువుకునే మనలో చాలామందిమి పత్తి, మిరప చేల నుండి వచ్చినవాళ్ళమే. ఏటా అదే నల్లరేగడిలో అదే పైరు వేస్తే, దాన్ని తినే ఫ్యుజేరియం వంటి శిలీంధ్రం బలపడుతుంది. అది మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఎండు తెగులు తెస్తుంది. పైరు ఎండితే కౌలు రైతుకు అప్పు మిగులుతుంది, కూలికి పని పోతుంది. ఆ దెబ్బ మన చదువుల మీదా పడుతుంది.

దీనికి విరుగుడు కూడా శిలీంధ్రమే. 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ ఆరకుండా వారం పది రోజులు నీడలో ఉంచి ఎకరానికి చల్లాలి. రసాయన శిలీంధ్రనాశినులతో దీన్ని కలపకూడదు. జొన్న, మొక్కజొన్నలతో పంట మార్పిడి చేయాలి. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారంలో పత్తి, మిరప మీద పరిశోధనలు జరుగుతున్నాయి. సందేహాలుంటే అక్కడ అడగవచ్చు.

తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు మీ నాన్నగారితో చెప్పండి. పుస్తకంలోని పాఠం చేనుకు చేరితేనే మన చదువుకు సార్థకత అని మేము నమ్ముతున్నాం.