ఛెస్టులు నిండిపోతే ఏం చేయాలి?

ప్రశ్న: తమ్ముడూ నేనూ ఆన్‌లైన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడతాం. తవ్వి తెచ్చిన సరుకుతో ఛెస్టులన్నీ నిండిపోయాయి. ఏవి కలపాలి, ఏవి విడిగా ఉంచాలి?
– ఒక పాఠకుడు, హత్నూర

జవాబు: ముందు ఇనుప కడ్డీలు, బంగారు కడ్డీలు, బొగ్గు కలపండి. తొమ్మిదింటికి ఒక బ్లాక్ అవుతుంది. కావాలంటే మళ్లీ తొమ్మిదిగా విడిపోతుంది. బొగ్గుకైతే లాభం కూడా: కొలిమిలో తొమ్మిది ముక్కలు విడిగా 72 వస్తువులకు సరిపోతే, ఒక బ్లాక్ 80కి సరిపోతుంది.

క్వార్ట్జ్‌తో మాత్రం తొందరపడకండి. నాలుగు కలిపి బ్లాక్ చేశాక తిరిగి విడదీయలేరు.

మీ వైపు ఫ్యాక్టరీల స్టోర్స్‌లో ముడిసరుకు ఒకచోట, తయారైన సరుకు మరోచోట పెట్టి చీటీ అంటిస్తారు. మీరూ ప్రతి ఛెస్టుకూ బోర్డు పెట్టండి. ఇద్దరు ఆడేచోట వెతుకులాటా తగ్గుతుంది, గొడవలూ తగ్గుతాయి.