ఆధారముల గొలుసు

మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములు మెట్టభూములు. ఇచ్చటి సేద్యము పూర్వమునుండియు చెరువులను నమ్ముకొని సాగినది. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు వాగువెంట దిగువ చెరువును చేరును. అదియు నిండినచో నీరు మఱియొక ఊరికి పోవును. వీనినే గొలుసుకట్టు చెరువు లందురు. ఈ యేర్పాటున ఒక మేలును, ఒక కీడును గలవు. మేలేమనగా, ప్రతి గ్రామమును తన నీటిని తానే వేఱుగా తెచ్చుకొన నక్కఱలేదు. కీడేమనగా, ఎగువ కట్టకు గండిపడినచో ఆ వఱద దిగువ కట్టలనుగూడ తెంచును. ఆ గండిని దిగువ రైతు కన్నులార చూచియైన నుండడు. నేటి సాఫ్ట్‌వేరు నిర్మాణమును ఇట్లే యున్నది. కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులు దీనిని మొదటనే గ్రహించుట మేలని తలచి, ఈ పాఠమును వ్రాయుచున్నాము.

లైబ్రరీ యనగా నేమి?

ఒకరు వ్రాసిపెట్టగా పలువురు తమ ప్రోగ్రాములలో వాడుకొను సిద్ధమైన కోడునకు లైబ్రరీ యని పేరు. ఒక ప్రోగ్రాము ఏ లైబ్రరీ లేనిదే నడువజాలదో, ఆ లైబ్రరీ దానికి ఆధార మనబడును.

దృష్టాంతముగా, తెరమీద "శ్రీ" యను నక్షరము కనబడుటను తీసికొందము. యూనికోడు 1991లో వెలువడిన మొదటి వెర్షనునుండియు తెలుగు అక్షరములకు సంఖ్యలు కేటాయించినది. ఆ లెక్కన "శ్రీ" ఒక్క సంఖ్య కాదు. శకారము, పొల్లు, రకారము, దీర్ఘమైన గుడి యను నాలుగు సంఖ్యలు. వీనిని కలిపి ఒక్క రూపముగా కూర్చు పనిని హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ చేయును. ఆ రూపపు గీతలను చుక్కలుగా మార్చి తెరకందించునది ఫ్రీటైప్. ఏ ఫాంటును వాడవలెనో వెదకి చెప్పునది ఫాంట్‌కాన్ఫిగ్. ఇక ఫాంటు మఱియొకరి శ్రమఫలము. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. డెబియన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్యవస్థలు వానిని పంచిపెట్టుచున్నవి. మనము ఒక చిన్న తెలుగు నిఘంటు ప్రోగ్రామును వ్రాసితి మనుకొందము. అది మన ఇరువది పంక్తులమీద కాక, ఇందఱి పనిమీద నిలుచును.

ఎగువ గండి, దిగువ నష్టము

2018 ఫిబ్రవరిలో ఐఫోనులయందు ఒక విచిత్రము జరిగెను. "జ్ఞా" యను తెలుగు అక్షరము, కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కూడి సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. ఆ ప్రోగ్రాములు వ్రాసినవారి దోష మేమియు లేదు. అక్షరములను కూర్చు ఉమ్మడి లైబ్రరీలో లోపముండుటచే, దానిపై నాధారపడిన వన్నియు నొక్కమాఱే దెబ్బతినెను. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వెలువడగా ఆ చిక్కు తీఱెను. ఒక్కచోట చేసిన మరమ్మతు అన్ని ప్రోగ్రాములకును చాలెను. గొలుసు చూపు కీడును మేలును ఈ యొక్క సంగతిలోనే యున్నవి. అయితే ఆ లైబ్రరీ సోర్సుకోడు బహిరంగము కాదు గనుక, తెలుగెఱిగినవారు దానిని తెఱచి దిద్దుటకు వీలులేక కంపెనీ మరమ్మతుకై వేచియుండవలసి వచ్చెను. హార్ఫ్‌బజ్ వంటి ఓపెన్‌సోర్సు లైబ్రరీలో నిట్టి లోపము కనబడినచో ఎవరైనను దిద్దుబాటు వ్రాసి పంపవచ్చును.

నిర్మాణ సాధనములు

సోర్సుకోడును నడుచు ప్రోగ్రాముగా మార్చు పనిని క్రమముతప్పక చేయించునది నిర్మాణ సాధనము. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ నిర్మించిన మేక్ ఇందులకు మార్గదర్శి. ఏ ఫైలు దేనిపై నాధారపడియున్నదో మనము దానికి వ్రాసియిత్తుము. అది ఫైళ్లు మారిన వేళలను పోల్చి, మారినదానిని, దానిపై నాధారపడినవానిని మాత్రమే మరల నిర్మించును. తరువాత జావాకు మావెన్, గ్రేడిల్, జావాస్క్రిప్టునకు ఎన్‌పీఎం, రస్టునకు కార్గో మొదలగునవి వచ్చినవి. ఇవి ఆధారములను, ఆ యాధారముల యాధారములను గూడ దూరమునుండి తెచ్చిపెట్టును. మనము ఒకదానిని అడుగగా నూఱు వచ్చి చేరుట కలదు.

ప్రతి లైబ్రరీకిని వెర్షను సంఖ్య యుండును. 2.4.1 అని యున్నచో, వాడుక ప్రకారము మొదటి అంకె మారుట పాత ప్రోగ్రాములకు సరిపడని మార్పునకు గుర్తు. రెండవది క్రొత్త సౌకర్యమునకు, మూడవది దోషసవరణకు గుర్తులు. మనకు కావలసిన రెండు లైబ్రరీలలో నొకటి మూడవదాని 1వ వెర్షనును, రెండవది 2వ వెర్షనును కోరినచో చిక్కు పుట్టును. సాధనము దీనిని తెలుపగలదు గాని, అన్నివేళల తీర్పజాలదు. అప్పుడు తీర్పు చెప్పవలసినవాడు మనుష్యుడే.

రెండు గుణపాఠములు

2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు పంక్తుల లైబ్రరీని, ఒక వివాదము కారణముగా దాని కర్త ఎన్‌పీఎంనుండి తొలగించెను. పదమునకు ఎడమవైపున ఖాళీలు చేర్చుటయే దాని పని. అంత చిన్నది లేకపోగా ప్రపంచమున పెక్కుచోట్ల నిర్మాణములు నిలిచిపోయెను. రమారమి రెండు గంటలలో దానిని మరల నిలిపిరి.

రెండవది ఇంతకంటె గంభీరమైనది. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను సాధనమును చిరకాలము లాస్సె కొల్లిన్ అను నొక్కరే పోషించుచు వచ్చిరి. జియా టాన్ అను పేరుతో నొకరు వచ్చి, ఏండ్లతరబడి సాయము చేసి, నమ్మకము సంపాదించి, వెర్షనులు విడుదలచేయు నధికారము పొంది, 2024లో 5.6.0, 5.6.1 వెర్షనులలో దొంగద్వారము నమర్చిరి. దానిని మేల్కొల్పు లిపి బహిరంగ కోడులో లేదు. విడుదల కట్టలోని నిర్మాణ లిపియందు దాగియుండెను. దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్ దానిని నేరుగా కోరలేదు. కొన్ని వ్యవస్థలలో సిస్టమ్‌డీ లైబ్రరీ ద్వారా గొలుసుగా వచ్చి చేరినది. ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుట గమనించి, కారణము వెదకి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మార్చి 29న లోకమునకు వెల్లడించెను. అరసెకనును ఉపేక్షింపని ఆ శ్రద్ధయే మహానర్థమును తప్పించినది.

పాటింపవలసిన నియమములు

1. అక్కఱలేని లైబ్రరీని తేరాదు. పది పంక్తులతో తీఱు పనిని మనమే వ్రాసికొనవలెను. అయితే రహస్యలిపి, అక్షరముల కూర్పు వంటి కష్టమైన పనులను పలువురు పరీక్షించిన లైబ్రరీలకే విడువవలెను.

2. ఏయే ఖచ్చితమైన వెర్షనులు వాడితిమో తెలుపు లాక్ ఫైలును కోడుతోబాటు భద్రపఱపవలెను. లేనిచో నేడు నడచిన ప్రోగ్రాము రేపు నడువకపోవచ్చును.

3. నేరుగా తెచ్చినవానినే గాక, వాని వెంట వచ్చినవానిని గూడ జాబితా వేయించి చదువవలెను. వాని లైసెన్సు షరతులను చూడవలెను.

4. వెర్షనులను ఏండ్లతరబడి మార్చక యుంచరాదు. అన్నిటిని ఒక్కమాఱు మార్చనురాదు. ఒకదానిని మార్చి, పరీక్షించి, పిదప మఱియొకదానిని మార్చవలెను.

5. క్రొత్త కంప్యూటరుమీద ఒక్క ఆజ్ఞతో నిర్మాణము పూర్తికావలెను. మన యంత్రముమీద మాత్రమే నడచునది ఇంకను ముగియని పనియే.

ఈ నియమములన్నిటికంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. చెరువు నిలుచుట కట్ట రాళ్లవలననే కాదు. రాత్రింబవళ్లు తూమును కనిపెట్టి చూచు నీరటివలనగూడ. ఓపెన్‌సోర్సు లైబ్రరీలను పోషించువారిలో పెక్కుమంది జీతము లేకయే, తీఱిక వేళలలో పాటుపడుచున్నారు. పంట తినువారు వేలమంది, కట్ట చూచువా డొక్కడైనచో, ఆ యొక్కని అలసట ఊరంతటికిని ముప్పగును. కాబట్టి విద్యార్థులారా, మీరు వాడు లైబ్రరీలో తప్పు కనబడినచో, అది యెట్లు కలిగినదో స్పష్టముగా వ్రాసి దాని పోషకులకు తెలుపుడు. వివరణ పత్రములను తెలుగు చేయుడు. హైదరాబాదునందలి స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులో నిట్టి పనినే చేయుచున్నవి. ఇందులకు పెద్ద పట్టము లక్కఱలేదు. శ్రద్ధయు, ఓర్పును చాలును. పరుల శ్రమ ననుభవించు ప్రతివాడును తనవంతు గంపెడు మన్ను కట్టమీద వేయుట న్యాయము.