మంచుదేశమున ఒక బడి



సూర్యాపేటనుండి జనగామకు పోవు బాటలో తిరుమలగిరి అను ఊరు కలదు. 2016వ సంవత్సరము వరకు అది నల్లగొండ జిల్లాలో నుండెను. నేడు సూర్యాపేట జిల్లాలో నున్నది. ఎఱ్ఱనేలలు, ప్రత్తిచేలు, రాతిగుట్టలు గల మెరకసీమ అది. ఆ సీమలో ఉపాధ్యాయుడనై యున్న నాకు ఒక శీతకాలమున ఫిన్లాండు దేశపు బడులను చూచి వచ్చు అవకాశము కలిగెను.

నేను బయలుదేరుటకు ముందునాడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి నిలిచి, "సారూ! అక్కడి పిల్లలు మాకంటె తెలివిగలవారని అందరును అందురు. అది నిజమేనా? చూచి వచ్చి చెప్పుడు" అని అడిగెను. తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. ఆ ప్రశ్నకు అప్పుడు నాయొద్ద సమాధానము లేదు. దానినే మూటగట్టుకొని ప్రయాణమైతిని.

ఫిన్లాండు ఐరోపా ఖండపు ఉత్తరభాగమున నున్నది. వైశాల్యమున అది మన తెలంగాణకు మూడింతలు. జనసంఖ్య మాత్రము సుమారు 56 లక్షలే; అనగా మన రాష్ట్రపు జనములో ఆరవవంతు కంటెను తక్కువ. ఎటు చూచినను అడవులు, సరస్సులు. రాజధానియగు హెల్సింకికి ఉత్తరముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమున యువాస్కులా అను పట్టణము కలదు. నేను చూచిన బడి ఆ పట్టణములోనిదే.

అది జనవరి మాసము. ఉదయము ఎనిమిది గంటలైనను తెల్లవారలేదు. వీధులనిండ మంచు. ఆ చీకటిలో ఏడెనిమిదేండ్ల పిల్లలు సంచులు వీపున తగిలించుకొని, తోడుగా పెద్దలెవ్వరును లేకయే బడికి నడచి పోవుచుండిరి. ప్రతి బిడ్డ కోటుకును చిన్న బిళ్ళ యొకటి వ్రేలాడుచుండెను. బండి దీపపు వెలుగు పడగనే అది మిలమిల మెరయును. బండి నడుపువాడు దూరమునుండియే బిడ్డను చూచి వేగము తగ్గించును. ఆ బిళ్ళ వెల స్వల్పము. ఊరివారందరును బిడ్డలను కనిపెట్టి యుందురన్న నమ్మకమే తలిదండ్రులకు గొప్ప ధైర్యము.

బడి లోపలికి పోగానే నాకు మన యింటి గడప జ్ఞప్తికి వచ్చెను. పిల్లలందరును చెప్పులు గుమ్మమువద్ద విడిచి, కోట్లను కొక్కెములకు తగిలించి, మేజోళ్ళతోనే తరగతులలోనికి పోయిరి. వారు ఉపాధ్యాయుని పేరుపెట్టి పిలుతురు. లేదా 'ఓపే' అందురు. ఉపాధ్యాయుడు అను అర్థము గల వారి మాటకు అది ముద్దుపేరు. 'సారూ' అను పిలుపునకు అలవాటుపడిన నా చెవికి అది మొదట వింతగా తోచెను. కాని ఆ పిలుపులో అమర్యాద లేదు. పాఠము మొదలు కాగానే తరగతి తానై సద్దుమణిగెను.

అచట పాఠము సామాన్యముగా 45 నిమిషములు. పిదప 15 నిమిషముల విరామము. ఆ విరామమున పిల్లలందరును ఆరుబయటికి పోవలెను. మంచు కురిసినను పోవలెను. చలి సున్నకు దిగువన సుమారు 15 డిగ్రీలు దాటినప్పుడే చిన్నపిల్లలను లోపల నుంచుదురు. వేసవి యెండలకు మనము ఒంటిపూట బడులు పెట్టుకొందుము; వారు చలికి తగిన బట్టలు కట్టుకొని బయటికి పోవుదురు. ఎవరి ఋతువునకు తగిన యుపాయము వారిది. "ఇన్ని మారులు బయటికి పంపినచో చదువు చెడదా?" అని అచటి ఉపాధ్యాయుని అడిగితిని. ఆయన నవ్వి, "కుండ నిండిన పిదప పోసిన నీరు నేలపాలే కదా! కొంత యింకిన పిమ్మటనే మరల పోయవలెను" అనెను.

మధ్యాహ్నము పదకొండు గంటలకే భోజనము. ఉడికిన దుంపలు, ఎండు బఠాణీల చిక్కని పులుసు, రై అను ధాన్యముతో చేసిన నల్లని రొట్టె, పాలు. ఆ రొట్టెను చూచి మన జొన్నరొట్టెను తలచుకొంటిని. పిల్లలు తమకు కావలసినంత తామే వడ్డించుకొని, తిని, పళ్ళెములను తామే తీసి యథాస్థానమున నుంచిరి. ఉపాధ్యాయులును వారితో కలిసియే భుజించిరి. ధనికుని బిడ్డకును పేదవాని బిడ్డకును ఒకే పంక్తి, ఒకే పులుసు.

ఈ భోజనమునకు ఒక చరిత్ర యున్నది. ఫిన్లాండు యుద్ధములో చిక్కియున్న కాలమున, 1943లో, బడిపిల్లలకు ఉచితముగా అన్నము పెట్టవలెనని వారు చట్టము చేసిరి. 1948 నాటికి అది దేశమంతటను అమలులోనికి వచ్చెను. అప్పుడు వారు సంపన్నులు కారు. పిల్లలే బడితోటలలో కూరలు పండించి, అడవులలో పండ్లు ఏరి తెచ్చి వంటశాలకు ఇచ్చెడివారు. కలిమి వచ్చిన పిదప అన్నము పెట్టుదమని వారు ఆగలేదు. మన బడులలోను 2003నుండి వేడివేడి మధ్యాహ్నభోజనము పెట్టుచున్నారు. ఇకమీదట మీరు పప్పన్నము తినునపుడు, ఆకలిగొన్న బిడ్డకు అక్షరము తలకెక్కదని ఎరిగిన వారు దేశదేశములందును కలరని తలచుకొనుడు.

భోజనానంతరము చేతిపనుల గది చూచితిని. అచట ఒక బాలిక పలకను చిత్రిక పట్టుచుండెను. ఆమె ప్రక్కనే ఒక బాలుడు ఉన్నితో టోపీ అల్లుచుండెను. ఎవ్వరును నవ్వలేదు. చేతిపని చిన్నతనమని అచట ఎవ్వరును తలపరు. ఊనో సిగ్నేయస్ అను విద్యావేత్త చొరవవలన 1866లోనే ఫిన్లాండు ప్రాథమిక పాఠశాలలలో చేతిపని ఒక పాఠ్యాంశమయ్యెను. పూర్వము కొయ్యపని బాలురకును, కుట్టుపని బాలికలకును వేరుగా నుండెడివి. నేడు రెండును అందరికిని నేర్పుచున్నారు. వంట, ఇంటిపనియు అంతే.

ఆ పట్టణమునందే మరియొక విశేషము నా మనస్సునకు హత్తుకొన్నది. ఫిన్లాండు 1809 వరకు స్వీడను ఏలుబడిలోను, పిదప 1917లో స్వాతంత్ర్యము పొందువరకు రష్యా చక్రవర్తుల ఏలుబడిలోను ఉండెను. చిరకాలము ఉన్నతవిద్య యంతయు స్వీడిష్ భాషలోనే సాగెను. పల్లెజనుల ఫిన్నిష్ భాష చదువునకు పనికిరాదని పెద్దలు తలచెడివారు. అట్టి కాలమున, 1858లో, ఫిన్నిష్‌లో బోధించు మొదటి ఉన్నత పాఠశాల యువాస్కులాలో వెలసెను. 1863లో ఆ భాషలోనే ఉపాధ్యాయులను తీర్చిదిద్దు శిక్షణశాలయు అచటనే మొదలయ్యెను. ఇది వినగానే నాకు మన తాతల కాలము గుర్తునకు వచ్చెను. నిజాము రాజ్యమున, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము స్థాపించి తెలుగు పుస్తకమునకు నీడ కల్పించిన పెద్దలు మనకును కలరు. తల్లి పలుకు బడిగడప దాటుటకు అచటను ఇచటను పాటుపడవలసివచ్చెను.

ఇక నేను మరువలేని సంగతి చెప్పెదను.

నాలుగవ తరగతిలో లెక్కల పాఠము జరుగుచుండెను. ఒక బాలునకు భాగహారము పట్టుబడలేదు. రెండుమారులు తప్పుచేసి, తల వంచుకొనెను. ఉపాధ్యాయుడు కోపగింపలేదు. ఇంతలో మరియొక ఉపాధ్యాయురాలు వచ్చి, ఆ బాలుని, మరి యిద్దరిని ప్రక్కగదికి పిలుచుకొనిపోయెను. వెనుకబడినవారికి నేర్పుటయే ఆమె పని. గోళీలు ముందు పోసి, వానిని పంచిపెట్టించుచు ఆమె భాగహారము చెప్పెను. తరగతిలో మిగిలినవారు తల యెత్తి చూడనైన లేదు; ఏలయన, అచట అట్లు పోవుట అవమానము కాదు. పెక్కుమంది బిడ్డలు ఏదో యొకప్పుడు ఏదో యొక పాఠమునకు అట్టి సాయము పొందినవారే. వారము గడచునప్పటికి ఆ బాలుడు నల్లబల్లవద్దకు పోయి లెక్క చేసి చూపెను.

ఆ దినమున నాకు నిద్ర పట్టలేదు. నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో, ఒక పల్లెబడిలో, నా తరగతిలో చివర కూర్చుండు బాలుడొకడుండెను. వానికిని భాగహారము రాలేదు. నేను పాఠము ముగింపవలెనను తొందరలో నుంటిని. తెలిసినవారితో ముందునకు సాగితిని. దసరా సెలవుల పిదప వాడు బడికి రాలేదు. గొఱ్ఱెలవెంట పోవుచున్నాడని చెప్పిరి. గొఱ్ఱెలు కాయుట తక్కువ పని కాదు. కాని వాడు దానిని ఎన్నుకొనలేదు. నేను వానికొరకు ఆగలేదు గనుక దానికి పోయెను. పేదరికము ఒక కారణమని, తలిదండ్రులు మరియొక కారణమని నాకు నేను చెప్పుకొంటిని. ప్రక్కగదిలోని ఆ గోళీలను చూచిన పిమ్మట అట్లు చెప్పుకొనలేకపోతిని.

ఈ బడులు ఆదినుండియు ఇట్లే యున్నవని తలపవలదు. ఒకప్పుడు అచటను పది పదునొకండేండ్ల వయస్సుననే పిల్లలను రెండు త్రోవలుగ విడదీసెడివారు. కొందరు రుసుము చెల్లించి పై చదువుల బడులకు పోవుదురు. మిగిలినవారు కొలది యేండ్లలో చదువు ముగింతురు. ఇది తగదని తలచి, 1972నుండి 1977లోపల, ఉత్తరపు లాప్లాండుతో మొదలిడి దక్షిణమున హెల్సింకివరకు, తొమ్మిదేండ్లపాటు అందరును కలిసి చదువుకొను ఒకే బడిని దేశమంతట నెలకొల్పిరి. 1979నుండి ఉపాధ్యాయులకు విశ్వవిద్యాలయపు ఉన్నత పట్టము ఆవశ్యకమయ్యెను. అట్టివారిని నమ్మి, 1990 దాటిన తరువాత తనిఖీ అధికారులను కూడ తొలగించిరి. ఏడేండ్లకు చదువు మొదలిడిన బిడ్డకు ఆ తొమ్మిదేండ్లలోను దేశవ్యాప్తమైన పబ్లిక్ పరీక్ష లేదు. బడులకు వరుససంఖ్యలును లేవు. కనుక ఏ ఊరి బిడ్డ ఆ ఊరి బడికే పోవును. వైద్యుని కుమార్తెయు, కట్టెలు కొట్టువాని కుమారుడును ఒకే గదిలో కూర్చుందురు. అందరి బిడ్డలును చదువు బడిని అందరును కాపాడుకొందురు.

అచట లోపములే లేవా? ఉన్నవి. 2000వ సంవత్సరమున అనేకదేశముల పదునైదేండ్ల పిల్లలకు జరిగిన పరీక్షలో, చదివి గ్రహించు శక్తియందు ఫిన్లాండు ప్రథమస్థానము పొందెను. తరువాతి కాలమున ఆ ఫలితములు తగ్గుచు వచ్చినవి. 2022 నాటి పరీక్షలో వారు సగటునకు పైననే యున్నను, పూర్వపు ఎత్తు లేదు. పిల్లలు పుస్తకములు తగ్గించి చేతిఫోనులు హెచ్చించిరని ఉపాధ్యాయులు చింతించుచున్నారు. 2025 ఆగస్టునుండి పాఠము జరుగునపుడు ఫోను వాడకమును చట్టముచేత కట్టడి చేసిరి. పేరు వచ్చినదని నిద్రింపక, తప్పు కనబడినపుడు దిద్దుకొనుట వారియందు నాకు నచ్చిన గుణము.

తిరిగివచ్చిన మరునాడు ఎనిమిదవ తరగతికి పోయితిని. ఆ బాలిక నా రాకకే యెదురుచూచుచుండెను. "సారూ! నా ప్రశ్న?" అనెను.

"అమ్మా! వారు నీకంటె తెలివిగలవారు కారు. వారిలోను భాగహారము రానివాడు కలడు. పాఠమున ఆవులించువాడును కలడు. కాని అచట ఒకడు వెనుకబడినచో వానికొరకు ఆగువారు కలరు. ఉన్న భేదమంతయు అదియే" అని చెప్పితిని.

ఆమె కొంతసేపు ఆలోచించి, "ఆగుటకు డబ్బు కావలెనా, సారూ?" అని అడిగెను.

ఆ ప్రశ్న నన్ను నిలువున ఆపెను. ప్రతి బడికిని ప్రత్యేకముగా నొక ఉపాధ్యాయుని నియమించుటకు ధనము కావలెను, ప్రభుత్వము పూనుకొనవలెను, అడుగవలసిన పెద్దలు అడుగవలెను. కాని ప్రక్కనున్నవానికి తెలియని లెక్కను తెలిసినవాడు చెప్పుటకు ధనమేల? చింతగింజలు మన ఊర కొదవయా? నేను ఆ మాటయే చెప్పితిని. మరునాడు ఆమె గుప్పెడు చింతగింజలు కొంగున ముడివేసికొని వచ్చి, చివర వరుసలో కూర్చుండెను.

విద్యార్థులారా! మీ తరగతిలోను చివర వరుస యొకటి యుండును. ఒకమారు వెనుదిరిగి చూడుడు. అచట తల వంచుకొని యున్నవాడు రేపు బడికి వచ్చునా రాడా అనునది కొంత మీ చేతిలోను ఉన్నది.