కారు పెయింట్‌కి టెంపర్డ్ గ్లాస్ ఉండదు: సెంటినరీ కాలనీ దుమ్ములో నేర్చుకున్న వాష్, వాక్స్ పాఠం

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. బ్యాక్ కవర్ లేకుండా జేబులో కూడా పెట్టం. అదే మనం, లక్షలు పోసి కొన్న కారుని మాత్రం పొద్దున్నే పొడి గుడ్డతో బరబరా రుద్దేస్తాం. ఈసారి రివ్యూ ఫోన్ గురించి కాదు. మా ఇంటి ముందు నిలబడే కారు పెయింట్‌ని నేనూ, మా బాపూ కలిసి ఎలా పాడు చేశామో, ఇప్పుడు ఇంటి దగ్గరే ఎలా కాపాడుకుంటున్నామో చెప్తాను.

మాది పెద్దపల్లి జిల్లా, రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ. 1889లో తవ్వకాలు మొదలుపెట్టిన సింగరేణి నూరేళ్ల గుర్తు మా ఊరి పేరులోనే ఉంది. బాపు ఓపెన్‌కాస్ట్‌లో డ్రిల్ ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. వచ్చిన డబ్బుల్లో అక్క పెళ్లి అప్పు పోను మిగిలిన దాంతో కొన్నదే ఈ కారు. ముదురు నీలం రంగు. బాపు జీవితంలో మొదటి కారు, బహుశా చివరిది కూడా. అందుకే డ్యూటీ లేకపోయినా పొద్దున ఐదింటికి లేచి, పాత బనియన్ ముక్క పట్టుకుని దాన్ని తుడవడమే ఆయన ఫస్ట్ షిఫ్టు.

ఎనిమిది నెలలు గడిచాక ఒక రాత్రి కింద పడిన తాళాలు వెతుకుతూ ఫోన్ టార్చ్ బానెట్ మీద వేశాను. వెలుగు పడిన చోట చుట్టూ సాలెగూడులాగా వేల గీతలు. పగలు చూస్తే రంగు కాస్త మసకబారినట్టు అనిపించేది, దుమ్మే అనుకున్నాం. దుమ్ము కాదు. వాటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. మీ కారుకి కూడా ఇప్పుడే ఒకసారి టార్చ్ వేసి చూడండి. ముదురు రంగైతే కచ్చితంగా కనిపిస్తాయి. తెల్ల కారుకీ ఉంటాయి, కాకపోతే కంటికి ఆనవు.

ఎందుకిలా అంటే, మీకు తెలిసిన భాషలోనే చెప్తాను. యూట్యూబ్‌లో జెర్రీరిగ్ఎవ్రీథింగ్ జాక్ నెల్సన్ ఫోన్ల మీద మోస్ హార్డ్‌నెస్ టెస్ట్ చేస్తాడు కదా. మామూలు ఫోన్ గ్లాస్ మీద 6వ లెవెల్‌లో గీతలు మొదలవుతాయి, 7లో లోతుగా పడతాయి. ఫోల్డ్ ఫోన్ల లోపలి స్క్రీన్ ప్లాస్టిక్ కాబట్టి 2, 3 దగ్గరే గీసుకుపోతుంది. కారు పెయింట్ మీద మెరిసే పై పొర, అంటే క్లియర్‌కోట్, కూడా ఒక రకం ప్లాస్టిక్కే. అంటే మన కారు గొరిల్లా గ్లాస్ ఫోన్ కాదు, ఫోల్డ్ ఫోన్ లోపలి స్క్రీన్. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపినా సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో క్లియర్‌కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 70.

ఇప్పుడు దుమ్ము సంగతి. మా దగ్గర అందరూ "బొగ్గు దుమ్ము, బొగ్గు దుమ్ము" అంటారు గానీ, బొగ్గు మెత్తటిది. మోస్ స్కేల్ మీద 2, 3 మధ్యలో ఉంటుంది. గీసేది బొగ్గు కాదు, దాని మీద ఉండే ఓబీ. బొగ్గు పొర కోసం పైనుంచి తవ్వి తీసే మట్టి, రాయి అన్నమాట. గోదావరి లోయలో అది ఎక్కువగా ఇసుకరాయి. ఇసుకరాయిలో ఉండేది క్వార్ట్జ్, దాని గట్టితనం 7. నల్లగా కనిపించే దుమ్ములో కనిపించకుండా ఉండే ఈ ఇసుక రేణువే అసలు శత్రువు. గని లేని ఊళ్లో కూడా రోడ్డు దుమ్ములో క్వార్ట్జే ఉంటుంది కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు నాకెందుకులే అనుకోవద్దు.

రేణువు కారు మీద ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. మనం గుడ్డతో నొక్కి లాగినప్పుడే అది కత్తి అవుతుంది.

ఇది బాపుకి చెప్పడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన పని. మైక్రాన్లు, మోస్ స్కేల్ అన్నీ చెప్పాను. "నేను పొద్దుగాల్ల లేచి తుడిస్తె నా కారు నేనే ఖరాబు చేస్తున్ననా? గిదేం ముచ్చటరా" అని కోపానికొచ్చాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే అడిగాను. "బాపూ, డ్రిల్లు బిట్టు బొగ్గుల ఎక్కువ రోజులొస్తదా, ఓబీలనా?" ఆయన వెంటనే, "ఓబీల ఏడొస్తదిరా, ఇసుకరాయి బిట్టును తినేస్తది" అన్నాడు. అని ఆగిపోయాడు. ఒక్క నిమిషం బానెట్ వైపు చూసి, "మరి నీళ్లు కొట్టకుంట డ్రిల్లు పెట్టనియ్యరు, దుమ్ము లేస్తదని" అన్నాడు. అంతే, నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ముందు నీళ్లు, తర్వాతే చెయ్యి. మా వాషింగ్ పద్ధతి మొత్తం ఇదే.

కడగడం దగ్గరికి వద్దాం. టైమ్ పొద్దున ఆరు లోపు, లేదా సాయంత్రం బానెట్ చల్లబడ్డాక. మేలో మా దగ్గర 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. వేడి రేకు మీద షాంపూ క్షణాల్లో ఎండి మరక కడుతుంది.

మొదట చెయ్యి తగలకుండా నీళ్లతో దుమ్ము దింపాలి. పైపు ఉంటే సరే. కుళాయి టైమ్ ప్రకారం వచ్చే కాలనీల్లో రోజూ పైపు పట్టలేం, పడితే పక్క క్వార్టర్ వాళ్లు ఊరుకోరు కూడా. నేను వాడేది చేతితో గాలి కొట్టే రెండు లీటర్ల స్ప్రేయర్. ఒకసారి కారంతా షాంపూ నీళ్లు స్ప్రే చేసి నాలుగైదు నిమిషాలు వదిలేస్తాను, ఎండనివ్వను. దుమ్ము నాని కిందికి జారడం కనిపిస్తుంది. తర్వాత మగ్గుతో పైనుంచి నీళ్లు. ఊర్లో మామయ్య వాళ్లింట్లో పత్తికి మందు కొట్టే పెద్ద పంపు ఉంది, అది తెస్తే ఇంకా సులువు కదా అని నాకూ అనిపించింది. తేవద్దు. ఎంత కడిగినా అందులో మందు మిగులుతుంది. పెయింట్ సంగతి అటుంచి, మన చేతులకే మంచిది కాదు.

తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో మంచి నీళ్లు. మైక్రోఫైబర్ గ్లౌజుని షాంపూలో ముంచి ఒక డోర్ తుడవడం, మంచి నీళ్ల బకెట్‌లో జాడించడం, మళ్లీ షాంపూలో ముంచడం. మంచి నీళ్ల బకెట్ అడుగున ప్లాస్టిక్ జల్లి పెడతారు, ఇసుక దాని కిందికి పోయి మళ్లీ గ్లౌజుకి అంటకుండా. దానికి ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలు పెట్టకండి. వంటింట్లో కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట బోర్లిస్తే అదే పని చేస్తుంది. అమ్మ ఒప్పుకుంటే. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. డోర్ల కింది భాగం, వెనక బంపర్ చివర్లో. ఇసుకంతా అక్కడే ఉంటుంది. గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో లాగాలి, నొక్కకూడదు. టైర్లకి, వీల్స్‌కి వేరే గుడ్డ, వేరే నీళ్లు.

అంట్ల సబ్బు, బట్టల పౌడర్ వాడొచ్చా అని అందరూ అడుగుతారు. అంట్ల సబ్బు జిడ్డు లాగేయడానికే పుట్టింది, మనం వేసే వాక్స్ కూడా దానికి జిడ్డే. బట్టల పౌడర్‌లో క్షారం ఎక్కువ. పీహెచ్ న్యూట్రల్ కార్ షాంపూ చిన్న బాటిల్ కొంటే, బకెట్‌కి ఒక మూత చొప్పున నెలల తరబడి వస్తుంది.

నీళ్లు కరువైన రోజుల్లో రిన్స్‌లెస్ వాష్ అని ఉంటుంది, ఒక్క బకెట్‌తో అయిపోతుంది, మళ్లీ కడగక్కర్లేదు. పల్చటి దుమ్ముకి బాగానే ఉంది. బురద పట్టి ఉంటే మాత్రం దాని మాట నమ్మను.

ఆరబెట్టడంలో నేను చేసిన తప్పు ఒకటి. మొదటిసారి ఇంత శ్రద్ధగా కడిగి, గాలికే ఆరిపోతుందిలే అని టిఫిన్‌కి వెళ్లాను. వచ్చేసరికి కారంతా తెల్లటి గుండ్రటి మచ్చలు. బోర్ నీళ్లు. నీరు ఆవిరై పోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడే ఉండిపోతాయి. ఇంట్లో ఫిల్టర్ నీళ్లు చూడటానికి కొన్న టీడీఎస్ మీటర్ ఉంటే బకెట్‌లో ముంచి చూడండి. తాగే నీళ్లకి బీఐఎస్ చెప్పే కోరదగిన పరిమితి లీటరుకి 500 మిల్లీగ్రాములు. మీ బోర్ అది దాటుతోందంటే మచ్చ ఖాయం. ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు ఇంకా ఘోరం, లవణాలన్నీ అందులోనే ఉంటాయి. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకోండి. అవి గాలిలో తేమ చల్లబడి వచ్చినవి, లవణాలు దాదాపు ఉండవు. వానాకాలంలో రాత్రికి బకెట్ నిండుతుంది, చివరి జాడింపుకి అది చాలు. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అంత రావు.

తుడవడానికి మందపాటి మైక్రోఫైబర్ టవల్ తీసుకోండి, 500 జీఎస్‌ఎం పైన ఉంటే మంచిది. పరిచి, నెమ్మదిగా ఒక వైపు లాగితే నీళ్లు పీల్చుకుంటుంది. కింద పడితే ఆ టవల్ ఆ రోజుకి ఇక వాడొద్దు. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేయొద్దు, పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చడం మానేస్తుంది.

అన్నట్టు, కవర్. క్వార్టర్లకి గ్యారేజీలు ఉండవు కాబట్టి మా వీధిలో సగం కార్లకి గుడ్డ కవర్లే. దుమ్ము పట్టిన కారు మీద కవర్ కప్పితే, రాత్రంతా గాలికి అది ఊగుతూ గరుకు కాగితంలా రుద్దుతుంది. కడిగిన కారుకే కవర్. లేకపోతే చెట్టు లేని చోట, నీడ పడే గోడ పక్కన పెట్టడమే నయం.

వాక్స్ గురించి పెద్దగా భయపడాల్సిందేం లేదు. కడిగి ఆరిన కారు మీద చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని రాసి చూడండి. గరగరమంటే కడిగినా పోని కణాలు అతుక్కుని ఉన్నాయని అర్థం. క్లే బార్‌ని షాంపూ నీళ్లతో తడుపుతూ మెల్లగా రాస్తే పోతాయి. క్లే కింద పడితే పారేయడమే. తర్వాత వాక్స్‌ని నీడలో పల్చగా, ఒక్కో భాగానికి రాసి, పొడిబారాక శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తీసేయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ రక్షణ రాదు, తీసేటప్పుడు చేతులు నొప్పి పుడతాయంతే.

కార్నూబా వాక్స్ బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మెరుపు బాగుంటుంది, కానీ మా ఎండకి నెలన్నర, రెండు నెలలే. సింథటిక్ సీలెంట్ అయితే నాలుగైదు నెలలు లాగుతుంది. నేను ఇప్పుడు వాడేది సిలికా ఉండే స్ప్రే రకం. కడిగిన తర్వాత కొట్టి తుడవడమే, పావుగంట పని. రివ్యూయర్‌గా నా ఓటు దానికే. కార్నూబాకి కాదు.

మీరు షాపులో "9హెచ్ సిరామిక్ సార్, గీతే పడదు" అని వినే ఉంటారు. ఈ 9హెచ్ మన స్క్రీన్ గార్డ్ డబ్బా మీద ఉండే 9హెచ్ లాంటిదే. అది మోస్ స్కేల్ 9 కాదు, పెన్సిల్ హార్డ్‌నెస్. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని అర్థం. పెన్సిల్ ఎక్కడ, క్వార్ట్జ్ ఎక్కడ? సిరామిక్ కోటింగ్ వల్ల నీళ్లు జారతాయి, మురికి తొందరగా అంటదు, ఎక్కువ కాలం ఉంటుంది. పొడి గుడ్డ నుంచి మాత్రం అది కూడా కాపాడదు. వాక్స్ పని కూడా ఇంతే. ఫోన్ స్క్రీన్ మీద వేలిముద్రలు నిలవకుండా ఉండే పూత లాంటిది, కవచం కాదు.

మరి పడిన గీతలు? రబ్బింగ్ పాలిష్ చేయిస్తే కొత్తదానిలా అవుతుందని ఒకచోట చెప్పారు. అవుతుంది. కానీ పాలిష్ గీతని పూడ్చదు, గీత లోతు వరకూ చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ని చెక్కుతుంది. ఉన్నదే 40, 50 మైక్రాన్లు, ఎండలోని అల్ట్రావయొలెట్‌ని ఆపేదీ అదే. ఏటా చెక్కించుకుంటూ పోతే ఒకరోజు పైకప్పు మీద పొర పొట్టులా లేస్తుంది. మేము బానెట్‌కి మాత్రం ఒక్కసారి ఫైన్ పాలిష్ చేత్తో రాశాం. సగం గీతలు తగ్గాయి. గోరు పెట్టి గీస్తే తగిలే లోతు గీతలు రెండున్నాయి, వాటిని అలాగే వదిలేశాం.

పిట్ట రెట్ట పడితే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకి పెయింట్ మెత్తబడి ఉన్నప్పుడు ఒక్క మధ్యాహ్నంలో మచ్చ లోపలికి దిగుతుంది. తడి టిష్యూ దాని మీద రెండు నిమిషాలు ఉంచి, నానాక ఎత్తేయాలి, రుద్దకూడదు. చిన్న స్ప్రే బాటిల్, ఒక మైక్రోఫైబర్ డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి.

ఇక దసరా. లాభాల వాటా, బోనస్ పడే రోజులు కాబట్టి మా బెల్టులో కొత్త బండ్లు ఎక్కువగా వీధిలోకి వచ్చేది అప్పుడే. ఆయుధ పూజకి బానెట్ మీద పసుపు, కుంకుమ, కొబ్బరి నీళ్లు, టేపుతో అంటించిన బంతిపూల దండ. పసుపు లేత రంగు పెయింట్‌లోకి ఇంకితే చాలా మొండి మరక. పూజకి రెండు రోజుల ముందే వాక్స్ వేసి పెట్టండి, సాయంత్రానికల్లా నీళ్లతో కడిగేయండి, టేపు జిగురుకి నాలుగు చుక్కల కొబ్బరినూనె. మొన్న దసరాకి బాపు బొట్లు పెట్టడానికి బానెట్ దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, వెనక్కొచ్చి నెంబర్ ప్లేట్ మీద పెట్టాడు. ఆయన బనియన్ ముక్క ఇప్పుడు సైలెన్సర్ పైపుకి, టైర్లకి. పొద్దున ఐదింటికి మాత్రం ఇంకా లేస్తున్నాడు, స్ప్రేయర్‌కి గాలి కొట్టడానికి.