చెవి మిషను కొన్నారు సరే, ఆడియోగ్రామ్ ఏదండీ?

చెవి మిషన్ల తగాదాల్లో ఈమధ్య నా బల్ల మీదికొచ్చిన నాలుగోది ఇది. ధవళేశ్వరం బ్యారేజీ మీద లస్కరుగా చేసి రిటైరైన పెద్దాయన. జేబులోంచి మిషను తీసి నా ముందు పెట్టారు. "మనవరాలి మాట ఇనపడతం లేదండి. కంచం కింద పెడితే మాత్రం చెవిలో మేకు దిగినట్టుంటందండి." కల్యాణమండపంలో పెట్టిన ఉచిత శిబిరంలో 64 వేలు పోసి కొన్నారట.

"పరీక్ష చేశారా?"

"ఆయ్, చెవులకి డిప్పలు పెట్టి కుయ్ కుయ్‌మనిపించారండి."

"ఆ కాగితం?"

"ఆళ్ల దగ్గరే ఉందండి."

నలుగురిదీ ఇదే జవాబు. బిల్లు పెట్టెలో దాస్తారు, గ్యారంటీ కార్డు దేవుడి పటం వెనక పెడతారు. కేసు నిలబెట్టే కాగితాన్ని మాత్రం అమ్మినవాడి చేతిలో వదిలేసి వస్తారు.

ఆ కాగితమే ఆడియోగ్రామ్. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు. సన్నటి ధ్వని నుంచి బొంగురు ధ్వని దాకా ఏది ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో అందులో ఉంటుంది. వయసు వల్లో హోరు వల్లో వచ్చే చెవుడులో సాధారణంగా ముందు పోయేవి సన్నటి ధ్వనులు. స, ష, త లాంటివి జారిపోతాయి. మనిషి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. మిషనుని కంప్యూటరుకి తగిలించి ఈ గీత ప్రకారం సరిచెయ్యాలి. ఒళ్లు దాచుకోని ఆడియాలజిస్టయితే చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, మిషను శబ్దం కర్ణభేరి దగ్గర ఎంత పడుతోందో కొలుస్తారు. దాన్ని రియల్ ఇయర్ పరీక్ష అంటారు. మా పెద్దాయనకి ఆ గొట్టం పెట్టనేలేదు.

చట్టంలో చిక్కు ఇక్కడుంది. మిషను లోపం అని ఫిర్యాదు చేస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని ల్యాబుకి పంపొచ్చు. ల్యాబు వాళ్లు మిషను భేషుగ్గా ఉందంటారు. ఉంటుంది మరి! చెడింది వస్తువు కాదు, అమర్చిన తీరు. ఫిర్యాదులో 'సేవాలోపం' అని రాయాలి, సెక్షన్ 2(11). దాన్ని రుజువు చెయ్యడానికి కొన్ననాటి ఆడియోగ్రామ్ కావాలి. ఇవాళ కొత్తగా పరీక్ష చేయించుకుంటే, "ఆ తర్వాత చెవుడు పెరిగిందండీ" అని అవతలి వకీలు తేలిగ్గా తేల్చేస్తాడు. కాబట్టి చెబుతున్నాను, ఆడియోగ్రామ్ చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు. దాని మీద పరీక్ష చేసినవారి పేరు, సీఆర్‌ఆర్ నంబరు (కేంద్ర పునరావాస రిజిస్టరులోది) ఉండాలి. రిజిస్టరు కాకుండా ఆడియాలజిస్టు వృత్తి చెయ్యడం 1992 భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం కింద నేరం. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకి ఎవడు భయపడతాడన్నది వేరే సంగతి.

మిషను పెట్టుకోకపోతే మతిమరుపు వస్తుందని బెదిరించి అమ్మిన కేసు కూడా ఒకటుంది ఈ నాలుగింట్లో. 2023లో లాన్సెట్ అచ్చేసిన 'అచీవ్' పరిశోధనలో 977 మంది వృద్ధుల్ని మూడేళ్లు గమనించారు. మిషను పెట్టుకున్నవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ మొత్తం మీద తేడా తేలలేదు. ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించడం 48 శాతం తగ్గింది. కరపత్రంలో మొదటి ముక్క మింగేసి రెండోదే అచ్చేస్తే అది తప్పుదోవ పట్టించే ప్రకటనే. ఆ కరపత్రమూ దాచుకోండి.

ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. "సర్వీసుకివ్వండి, వచ్చే వారం రండి" అంటూ దుకాణం వాళ్లు తిప్పినంత మాత్రాన గడియారం ఆగదు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. సరుకుకి కట్టింది ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు.

ఇదే ఆడియోగ్రామ్‌తో వికలాంగుల ధ్రువపత్రం కూడా వస్తుందనుకోకండి. దానికి దుకాణం పరీక్ష చెల్లదు, ప్రభుత్వం నియమించిన వైద్యాధికారే ధ్రువీకరించాలి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం దగ్గర వికలాంగుల చట్టం మొదలవుతుంది. చెవుడున్నవాళ్ల వరుసలో పేర్లు అరిచి, పలకలేదని వెనక్కి పంపే గుమాస్తాలకి మాత్రం చట్టంలో ఏ సెక్షనూ కనపడలేదు నాకు.

పెద్దాయన తరఫున ఆడియోగ్రామ్ నకలు ఇమ్మని నోటీసిచ్చాం. శిబిరం రికార్డులు దాచలేదని జవాబు. దాచాల్సిన కాగితం చూపించకపోతే వాళ్లకే వ్యతిరేకంగా భావించమని కమిషన్‌ని అడిగాను. వింటారో లేదో వాయిదాలో తేలాలి. ఆ తేదీ పెద్దాయనకి రెండుసార్లు చెప్పి, లాభం లేక, తెల్లకాగితం మీద వేలెడంత అక్షరాలతో రాసిచ్చాను.